టామీ గన్‌లో బ్లిష్ లాక్ ఎందుకు పెట్టారు, ఎందుకు తీసేశారు?

మీరు మూడు సంగతులు అడిగారు. రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంతో ఇటలీ వెళ్లిన మీ తాతగారి ఫోటోలో ఉన్న టామీ గన్ ఏ మోడల్? చికాగో ముఠాల వల్ల పేరుమోసిన తుపాకీని సైన్యాలు ఎందుకు కొన్నాయి? తూటా పేలగానే వెనుక తలుపు తెరుచుకోకుండా క్షణకాలం ఆపడానికి దాని లోపల పెట్టిన బ్లిష్ లాక్ అంత గొప్పదైతే యుద్ధం మధ్యలో దాన్ని ఎందుకు తీసేశారు? మూడో ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే ఈ తుపాకీ చరిత్ర మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. సైనిక వర్క్‌షాపులో చిన్న ఆయుధాలు విప్పి బాగుచేయడమే ఉద్యోగంగా బతికినవాణ్ని కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

టామీ గన్ అసలు పేరు థాంప్సన్ సబ్‌మెషిన్ గన్, అంటే చేత్తో పట్టుకుని పిస్తోలు తూటాలు వరుసగా పేల్చే చిన్న మెషిన్ గన్. ఆ పేరు దాన్ని తెచ్చిన మనిషిది. జాన్ టాలియాఫెరో థాంప్సన్ 1860లో కెంటకీ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో పుట్టాడు. వెస్ట్ పాయింట్‌లో చదివి, అమెరికా సైన్యంలో ఆయుధ సరఫరా చూసే ఆర్డ్‌నెన్స్ శాఖలో ఎదిగాడు. ఆ రోజుల్లో ఫిలిప్పీన్స్‌లో పోరాడిన అమెరికన్ సైనికులకు ఒక చేదు అనుభవం ఎదురైంది. 0.38 అంగుళాల రివాల్వర్ గుళ్లు తగిలినా ఎదుటివాడు ఆగకుండా మీదికి వచ్చేవాడు. ఏ సైజు గుండు మనిషిని నిలబెట్టగలదో తేల్చమని 1904లో థాంప్సన్‌ను, సైనిక వైద్యుడు లూయిస్ లాగార్డ్‌ను నియమించారు. చికాగో పశువుల దొడ్లలోని పశువుల మీద, మనుషుల శవాల మీద కాల్చి చూసి, 0.45 అంగుళాలకు తక్కువైతే లాభం లేదని వాళ్లు నివేదిక ఇచ్చారు. తరువాత వచ్చిన కోల్ట్ 1911 పిస్తోలు, దాని లావుపాటి 0.45 తూటా ఆ సిఫార్సు ఫలితమే. ఈ తూటాను గుర్తుపెట్టుకోండి, థాంప్సన్‌ను చివరికి గట్టెక్కించేది ఇదే.

1914లో సైన్యం నుంచి రిటైరై రెమింగ్టన్ కంపెనీలో చేరిన థాంప్సన్ కోరిక వేరు. తనకు కావలసింది పిస్తోలు కాదు, దానంతట అది తూటా నింపుకునే రైఫిల్. ఇక్కడ అసలు చిక్కేమిటో చెప్పాలి. తూటా పేలినప్పుడు పుట్టే వాయువు గుండును ముందుకు తోసినంత బలంగానే ఖాళీ కేసును వెనక్కి తోస్తుంది. గుండు గొట్టం దాటకముందే వెనుక తలుపు, అంటే బోల్టు, తెరుచుకుంటే కేసు చిరిగి వేడి వాయువు కాల్చేవాడి ముఖం మీదికి వస్తుంది. కాబట్టి సెకనులో అతి చిన్న భాగమైనా సరే, బోల్టును ఆపి ఉంచాలి. అందుకు అప్పటికే మార్గాలున్నాయి. గొట్టాన్ని బోల్టుతో పాటు కొంత వెనక్కి కదలనివ్వడం ఒకటి. గొట్టంలోంచి కొంత వాయువును పక్కకు మళ్లించి, దానితో ఒక పిస్టన్‌ను నడపడం ఇంకొకటి. రెండూ భాగాలు ఎక్కువున్న వ్యవహారాలు. మూడోది, బోల్టునే బరువుగా చేసి ఆ బరువుతోనే ఆలస్యం పుట్టించడం. రైఫిల్ తూటా శక్తికి అలా చేయాలంటే బోల్టు మోయలేనంత బరువవుతుంది. ఈ మూడూ కాని నాలుగో మార్గం కోసం వెతుకుతున్న థాంప్సన్‌కు జాన్ బ్లిష్ పేటెంటు కంటపడింది.

బ్లిష్ అమెరికా నౌకాదళంలో కమాండర్. యుద్ధనౌకల మీది పెద్ద ఫిరంగుల్లో ఆయన ఒక వింత గమనించాడు. పూర్తి మోతాదు మందుతో పేల్చినప్పుడు మరలతో బిగిసే వెనుక మూత బిగువుగానే ఉంటోంది. తక్కువ మందుతో పేల్చినప్పుడు మాత్రం వదులై తిరగబోతోంది. ఏటవాలుగా ఆనుకున్న రెండు లోహపు ముఖాలు విపరీతమైన ఒత్తిడిలో ఒకదానికొకటి అంటుకుపోతాయని, ఒత్తిడి తగ్గగానే జారతాయని ఆయన తీర్మానించాడు. 1915లో పేటెంటు వచ్చింది. దాన్ని కంపెనీ వాటాలకు బదులుగా ఇచ్చాడు. థామస్ ఫార్చ్యూన్ ర్యాన్ అనే ధనికుడు పెట్టుబడి పెట్టాడు. 1916లో ఆటో ఆర్డ్‌నెన్స్ కంపెనీ పుట్టింది. థియోడర్ ఐకాఫ్, ఆస్కార్ పేన్ అనే ఇంజనీర్లు క్లీవ్‌లాండ్‌లో ప్రయోగాలు మొదలుపెట్టారు.

రైఫిల్ తూటాతో ఆ లాక్ నిలవలేదు. ఖాళీ కేసులు ప్రమాదకరమైన వేగంతో బయటికి దూసుకొచ్చేవి. అప్పటి సైనిక తూటాల్లో ఈ లాక్‌తో సరిగా నడిచేది ఒక్కటేనని 1917లో ఐకాఫ్ తేల్చాడు. అది 0.45 పిస్తోలు తూటా. థాంప్సన్ కుంగిపోలేదు. రైఫిల్ ఆలోచన అక్కడితో వదిలేసి, ఒక్క సైనికుడు చేత్తో పట్టుకుని కందకంలోకి దిగి ఊడ్చేయగల చిన్న మెషిన్ గన్ చేద్దామన్నాడు. దానికి ఆయన పెట్టిన ముద్దుపేరు కూడా 'కందకాల చీపురు' అన్న అర్థం వచ్చేదే.

మొదటి నమూనా పేరు పర్స్యూడర్, బెల్టుతో తూటాలు అందించేది. తరువాతిది యానిహిలేటర్. ఇది ఒక దారికి వచ్చేసరికి 1918 నవంబర్ 11న యుద్ధం ముగిసింది. ఇదే మొట్టమొదటి సబ్‌మెషిన్ గన్ అని చాలాచోట్ల రాస్తుంటారు, అది సరికాదు. ఇటలీవాళ్ల జంట గొట్టాల విల్లార్ పెరోసా 1915లోనే వచ్చింది. జర్మన్ల ఎంపీ 18 ఆ యుద్ధం చివరి నెలల్లో కందకాల్లో పేలింది. థాంప్సన్ కంపెనీకి దక్కే ఘనత పేరు పెట్టడంలో ఉంది. సబ్‌మెషిన్ గన్ అనే మాటను 1919లో వాడుకలోకి తెచ్చింది వాళ్లే.

ఇక లోపలి సంగతి. 1921 మోడల్‌ను విప్పితే బోల్టు మధ్యలో హెచ్ అక్షరం ఆకారంలో ఒక కంచు ముక్క ఏటవాలుగా కూర్చుని ఉంటుంది. అదే బ్లిష్ లాక్. దాని చెవులు రిసీవర్ (బోల్టు కదిలే తుపాకీ పెట్టె) లోపలి గోడల్లో చెక్కిన ఏటవాలు గాళ్లలో నడుస్తాయి. బోల్టు వెనక్కి రావాలంటే ఈ ముక్క ముందు ఆ గాళ్ల వెంట పైకి జారాలి. ఆ జారడానికి పట్టే సమయమే కావలసిన ఆలస్యం. కంచు, ఉక్కు నిరంతరం రాసుకుంటాయి కాబట్టి నూనె తప్పనిసరి. అందుకోసం రిసీవర్ లోపల నూనె పీల్చుకునే రెండు ఫెల్ట్ మెత్తలు అమర్చారు. బోల్టు వచ్చిపోయిన ప్రతిసారీ లాక్ చెవులకు నూనె అంటుతుంది. ఎంత శ్రద్ధగా చేశారో చూస్తే ముచ్చటేస్తుంది.

కానీ అది బ్లిష్ చెప్పిన కారణంతో పనిచేయలేదు. లోహాలు అంటుకుపోవడం అనే ప్రత్యేక సూత్రమేదీ అక్కడ లేదు. ఉన్నది రాపిడి, దానికి తోడు ఏటవాలు గాడి వల్ల కలిగే అడ్డంకి. 0.45 తూటా పుట్టించే ఒత్తిడి అప్పటి సైనిక రైఫిల్ తూటా ఒత్తిడిలో సగం కూడా ఉండదు. ఆ కాస్త ఒత్తిడికి కాస్త బరువైన బోల్టు ఒక్కటే చాలు. అంటే లేని అవసరానికి ఖరీదైన సమాధానాన్ని తుపాకీ నడిమధ్యలో పెట్టి, మిగిలినదంతా దాని చుట్టూ కట్టారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ ముక్కను ఎవరూ తీయలేదు.

1921 మోడల్‌ను కోల్ట్ కంపెనీ 15,000 తయారుచేసి ఇచ్చింది. రిసీవర్ మొత్తం ఉక్కు దిమ్మ నుంచి మిల్లింగ్‌తో చెక్కినదే. గొట్టం చుట్టూ వేడి తగ్గించే రెక్కలు, వాల్‌నట్ చెక్క పిడులు, వేళ్లకు అమరేలా గాళ్లున్న ముందు పిడి, గురి చూడటానికి 600 గజాల వరకు సర్దుకునే లైమన్ కంపెనీ వెనుక సైటు. ఆ సైటు విషయంలో నా అభిప్రాయం సూటిగానే చెబుతాను: అది అలంకారమే. నెమ్మదిగా, బరువుగా పోయే ఆ పిస్తోలు గుండుతో గురి అన్నది వంద గజాల లోపు మాటే. బోల్టును వెనక్కి లాగే గుబ్బ రిసీవర్ పైన ఉంటుంది, సరిగ్గా చూపుకు అడ్డంగా. అందుకని గుబ్బ మధ్యలో ఒక గాడి కోశారు. గురి చూసేటప్పుడు ఆ గాడిలోంచే ముందు సైటు కనబడుతుంది. మ్యాగజైన్ల పేర్లు కూడా సరదాగా ఉంటాయి. 50 తూటాల డ్రమ్ము ఎల్, 100 తూటాలది సి, 20 తూటాల నిలువు పెట్టె ఎక్స్ఎక్స్. అన్నీ రోమన్ అంకెలు.

బోల్టు వెనక ఉండగానే కాల్పు మొదలవుతుంది. ట్రిగ్గర్ నొక్కితే బోల్టు ముందుకు దూకి, దారిలో తూటాను మ్యాగజైన్ నుంచి ఛాంబర్‌లోకి నెట్టి పేలుస్తుంది. పేలుళ్ల మధ్య విరామంలో గొట్టం లోపల గాలి ఆడుతుంది కాబట్టి వేడికి తూటా దానంతట అది పేలే భయం తక్కువ. ప్రతిగా, మొదటి గుండుకే ఆ బరువంతా ముందుకు కదలడంతో చెయ్యి అదురుతుంది. నిమిషానికి 800కు పైగా తూటాల వేగం కావడంతో 20 తూటాల మ్యాగజైన్ రెండు సెకన్లలోపే ఖాళీ.

ధర 225 డాలర్లు. అప్పట్లో కొత్త ఫోర్డ్ మోడల్ టి కారు సుమారు 400 డాలర్లకు వచ్చేది. శాంతికాలపు సైన్యం అంత డబ్బు పెట్టలేదు. కంపెనీ పోలీసులకు, బ్యాంకులకు, గనుల యజమానులకు, చివరికి పశువుల రైతులకు కూడా అమ్మజూపింది. ఇంటి ముందు నిలబడి దొంగల మీద టామీ గన్ పేలుస్తున్న కౌబాయ్ బొమ్మతో పత్రికా ప్రకటన వేశారు. అయినా ఆ 15,000లో కొన్ని వేలు 1939 దాకా గోదాములోనే పడి ఉన్నాయి.

ముందుగా ఆసక్తి చూపింది ఐర్లాండ్ విప్లవకారులు. 1921 జూన్‌లో న్యూజెర్సీలోని హొబోకెన్ రేవులో ఈస్ట్ సైడ్ అనే నౌకలో 495 థాంప్సన్లను అమెరికా అధికారులు పట్టుకున్నారు. అప్పటికే దొంగచాటుగా చేరిన కొన్నింటితో డబ్లిన్‌లో సైనికుల రైలు మీద దాడి జరిగింది. ఈ వ్యవహారంలో జనరల్ థాంప్సన్ కొడుకు మార్సెలస్ మీద అభియోగం మోపారు, తరువాత కొట్టేశారు. ఆయన మామగారు జార్జ్ హార్వీ అప్పుడు బ్రిటన్‌లో అమెరికా రాయబారి. ఆ కుటుంబం పరిస్థితి ఊహించుకోండి.

ముఠాల సంగతి మీకు తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మద్యనిషేధం రోజుల్లో 1925లో చికాగో వీధుల్లో ముఠాలు దీన్ని మొదటిసారి పేల్చాయి. 1929 ఫిబ్రవరి 14న నార్త్ క్లార్క్ వీధిలోని గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి చంపారు. ఈ ఘటనలో నాకు ముఖ్యమనిపించేది హంతకుల కథ కాదు, పరిశోధకుడి పని. కాల్విన్ గోడార్డ్ అక్కడ దొరికిన 0.45 కేసులను, గుళ్లను సూక్ష్మదర్శిని కింద పోల్చి, రెండు థాంప్సన్లు వాడారని తేల్చాడు. అదే ఏడాది డిసెంబరులో మిషిగన్‌లో ఫ్రెడ్ బర్క్ ఇంట్లో దొరికిన రెండు తుపాకులు సరిగ్గా అవేనని నిరూపించాడు. తుపాకీ గుర్తులను నేర పరిశోధనలో నమ్మదగిన సాక్ష్యంగా నిలబెట్టిన కేసుల్లో ఇది ఒకటి. 1934లో వచ్చిన జాతీయ ఆయుధాల చట్టం ఇలాంటి తుపాకీ చేతులు మారిన ప్రతిసారీ 200 డాలర్ల పన్ను విధించింది. అంటే తుపాకీ ధరకు దాదాపు సమానం.

సైన్యంలోకి దారి మెరైన్ల ద్వారా, అంటే అమెరికా నౌకాదళపు పదాతి సైనికుల ద్వారా తెరుచుకుంది. 1926లో తపాలా దోపిడీలు పెరగడంతో అమెరికా ప్రభుత్వం టపాను మెరైన్లతో కాపలా కాయించింది. వాళ్లకు థాంప్సన్లు ఇచ్చారు. ఆ తుపాకులే వాళ్లతో పాటు నికరాగువాకు, చైనాకు వెళ్లాయి. దగ్గరి నుంచి జరిగే అడవి పోరులో పనికొస్తాయని అక్కడ రుజువైంది. నౌకాదళం ఒక్క మార్పు అడిగింది: కాల్పు వేగం తగ్గించండి. కంపెనీ కొత్త తుపాకీ చేయలేదు. గోదాములో ఉన్నవాటికే బోల్టుతో పాటు కదిలే, గుబ్బ ఉండే యాక్చుయేటర్ అనే ముక్కను బరువుగా మార్చింది. వేగం 600–700కు దిగింది. మోడల్ పేరూ కొత్తగా చెక్కలేదు. 1921లోని చివరి ఒకటి మీద ఎనిమిది ముద్ర కొట్టారు. అలాంటి తుపాకీని దగ్గరి నుంచి చూస్తే ఎనిమిది కింద ఒకటి గీత స్పష్టంగా కనబడుతుంది. గొట్టం మూతి మీద పైకి చీలికలున్న కట్స్ కాంపెన్సేటర్ కూడా ఆ కాలానిదే. వాయువును పైకి వదిలి మూతిని కిందికి నొక్కడం దాని పని.

1939లో రస్సెల్ మెగ్వైర్ అనే వ్యాపారి కంపెనీని కొన్నాడు. ఆ ఏడాది చివర యూరప్ నుంచి ఆర్డర్లు వెల్లువెత్తాయి. ముందు ఫ్రాన్స్, వెంటనే బ్రిటన్. సావేజ్ కంపెనీకి తయారీ అప్పగించారు, తరువాత బ్రిడ్జిపోర్ట్‌లో సొంత ఫ్యాక్టరీ పెట్టారు. జనరల్ థాంప్సన్ 1940 జూన్ 21న కన్నుమూశాడు. తన తుపాకీ దుర్మార్గుల చేతుల్లో పడిందన్న బాధను ఆయన అంతకుముందు ఏడాది ఐకాఫ్‌కు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. సైనికుల చేతుల్లో అది లక్షల్లో కనబడే రోజులను మాత్రం చూడలేదు.

ఇక్కడే మీ మూడో ప్రశ్నకు జవాబు. 1939లో ఒక్కో తుపాకీకి ప్రభుత్వం 209 డాలర్లు కట్టింది. బ్రిటిష్‌వాళ్లు ఈలోపు సుమారు పది డాలర్ల ఖర్చుతో స్టెన్‌గన్ అనే తమ సొంత సబ్‌మెషిన్ గన్‌ను పోగులు పోస్తున్నారు. ఇక ఒక్కొక్కటే తీసేయడం మొదలైంది. ముందు గొట్టం మీది రెక్కలు పోయాయి. లైమన్ సైటు స్థానంలో చిల్లు పొడిచిన రేకు ముక్క వచ్చింది. 1942 ఏప్రిల్‌లో ఆమోదం పొందిన ఎం 1 మోడల్‌లో అసలు కోత పడింది: బ్లిష్ లాక్ లేదు, దాని గాళ్లు లేవు, నూనె మెత్తలు లేవు. బోల్టు బరువే పని చేస్తుంది. గుబ్బ పై నుంచి కుడి పక్కకు వచ్చింది. కాంపెన్సేటర్ పోయింది. విడదీసే బట్టు (భుజానికి ఆనించే వెనుక చెక్క) స్థానంలో బిగించిన బట్టు వచ్చింది. డ్రమ్ము పట్టే గాళ్లు కూడా మానేశారు. అదే ఏడాది అక్టోబరులో ఎం 1 ఎ 1 వచ్చింది. విడిగా ఉండే ఫైరింగ్ పిన్, దాన్ని కొట్టే సుత్తి రెండూ పోయి, పిన్‌ను బోల్టు ముఖం మీదే స్థిరంగా మలిచారు. తుపాకీ కాల్పులో ఏ లోటూ రాలేదు. 1944 నాటికి ధర 45 డాలర్లకు దిగింది. లాక్ అవసరమే లేదని ఇంతకన్నా గట్టి రుజువు ఎందుకు? ఇరవై ఏళ్ల పాటు అమ్ముడుపోని తుపాకీ, ఆ ముక్క తీసేశాకే నిజంగా సైనికుడి తుపాకీ అయిందన్నది నా నమ్మకం.

మీ తాతగారి ఫోటో విషయానికొస్తే, ఇటలీలో భారత డివిజన్ల చేతుల్లో థాంప్సన్లు ఎక్కువగానే ఉండేవి. బర్మాలోనూ వాడారు. మీరు రాసినదాన్ని బట్టి తుపాకీ పైన గుబ్బ ఉంది, మూతి దగ్గర చీలికలున్న ముక్క ఉంది, డ్రమ్ము కాకుండా నిలువు మ్యాగజైన్ ఉంది. అది 1928 మోడల్ లేదా దాని సైనిక రూపం 1928 ఎ 1. గొట్టం మీద అడ్డంగా వరుస రెక్కలు కనబడితే అది ముందు కాలపు తయారీ, నున్నగా ఉంటే కోతలు మొదలయ్యాక చేసినది. డ్రమ్ము లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. నిండిన డ్రమ్ములో తూటాలు నడకకు గలగలమంటాయి, రాత్రి గస్తీలో అది ప్రాణాంతకం. పైగా బరువు, మార్చడానికి ఆలస్యం. సినిమాల్లో డ్రమ్ము, యుద్ధంలో నిలువు పెట్టె అని లెక్కవేసుకోండి.

సైనికులు దీన్ని ఎందుకు ఇష్టపడ్డారంటే దగ్గరి పోరులో అది నమ్మకమైనది. ఇళ్ల మధ్య, కందకాల్లో, మెట్ల మీద దీనికి ఎదురు లేదు. బ్రిటిష్ కంబైన్డ్ ఆపరేషన్స్ దళాల చిహ్నంలో లంగరు, గద్దలతో పాటు ఈ తుపాకీ బొమ్మే ఉంటుంది. లోపాలూ తక్కువేమీ కాదు. ఖాళీ తుపాకీయే ఐదు కిలోలకు దగ్గర. గుండు నెమ్మది కావడంతో అడవిలో చెట్ల మాటున ఉన్నవాడిని అందుకోలేదు. తూటాలు కూడా బరువే, అందువల్ల మోసే సంఖ్య తగ్గుతుంది.

చౌకలో కూడా చివరికి ఓడిపోయింది. రేకులు వంచి వెల్డింగ్ చేసిన ఎం 3 అనే అమెరికన్ సబ్‌మెషిన్ గన్, అదే 0.45 తూటాతో, సుమారు 20 డాలర్లకే తయారైంది. 1944లో థాంప్సన్ తయారీ ఆపేశారు. అప్పటికి యుద్ధకాలపు మోడళ్లు దాదాపు 14 లక్షలు బయటికి వచ్చాయి. వాటిలో చాలా చైనా జాతీయవాదుల సైన్యానికి వెళ్లాయి. అంతర్యుద్ధంలో అవి కమ్యూనిస్టుల చేతికి చిక్కాయి. 1950లో కొరియాలో అమెరికన్ సైనికుల మీదికి దూసుకొచ్చిన చైనా దళాల చేతుల్లో ఉన్నవాటిలో ఈ టామీ గన్లు కూడా ఉన్నాయి.